పేరు లేదని ఎదురుగా చెప్పడం

ఎండాకాలం పొద్దున్నే హాకీ టర్ఫ్ మీద, అంటే ప్లాస్టిక్ గడ్డి మీద, నీళ్లు కొడితే ఒక వాసన వస్తుంది. అది మట్టి వాసన కాదు, దాని మీద ఎవరూ పాటలు కట్టరు. తడిసిన రబ్బరు చెప్పు, కొత్త ప్లాస్టిక్ బకెట్టు, కాస్త ఇనుము కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇవాళ ఆరింటికి శంషాబాద్ అవతల మా మైదానంలో నీళ్లు వదిలినప్పుడు ఆ వాసన తగిలి, చేతిలో టీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడిపోయాను. ఈ వాసనలోనే, ఈ గీత పక్కనే నిలబెట్టి సత్తక్క నాకు ఉద్యోగం ఇచ్చింది. ఆమె పోయి ఏడాది దాటింది. మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. పేపర్లో ఒకే ఒక్కసారి ఆమె ఫొటో పడింది, అందులోనూ సగం మొహానికి పక్కవాళ్ల భుజం అడ్డొచ్చింది. కాబట్టి ఆమె గురించి చెప్పాల్సింది నేనే.

అసలు పేరు సత్తమ్మ. కందుకూరు దగ్గర రైతుల ఇంటి పిల్ల. ఒకప్పుడు మంచి గోల్‌కీపర్. పొట్టి మనిషి, నూలు చీర మీదికి క్రీడా బూట్లు వేసుకుని నడిచేది, ఎవరేమనుకుంటారోనన్న ధ్యాసే ఉండేది కాదు. నేను ఎరిగేనాటికి ఆమె ఒక మహిళల హాకీ జట్టుకు మేనేజరు. ఆటగాళ్లను ఎంచడం, కోచ్‌ను పెట్టడం, తీసెయ్యడం అన్నీ ఆమె చేతిలోనే. జట్టు యజమానులది గగన్‌పహాడ్‌లో పైపుల ఫ్యాక్టరీ. వరసగా రెండేళ్లు మా జట్టు లీగులో ఆఖరున నిలిచింది. మూడో ఏడు యజమానులకు విసుగొచ్చి, పేరున్న ఆటగాళ్లను దాదాపు అందరినీ వదిలేసి, పల్లెల నుంచీ హాస్టళ్ల నుంచీ కొత్త పిల్లలను తెచ్చి మొదటి నుంచి కట్టుకురమ్మన్నారు. ఆ కొత్త జట్టుకు హెడ్ కోచ్ కావాలి.

నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. మా నాన్న బ్యాంకు ఉద్యోగం మీద తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఏవేవో జట్లకు తొమ్మిదేళ్లు అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాను. అసిస్టెంట్ కోచ్ పని పెళ్లిలో తోడి పెళ్లికూతురి పని లాంటిది. సందడంతా మనదే, భారం మాత్రం మన మెడలో పడదు. హెడ్ కోచ్‌గా ఒక్కరోజు కూడా చేసింది లేదు. అయినా దరఖాస్తు పెట్టి, జట్టును ఎలా ఆడిస్తానో చూపించే నలభై బొమ్మలు లాప్‌టాప్‌లో తయారు చేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లాను. నా ముందు వచ్చినవాళ్లలో పెద్ద పెద్ద జట్లను ఆడించినవాళ్లు ఉన్నారు. నేను ఆరో బొమ్మ దగ్గర ఉండగా, అప్పటిదాకా జామకాయ కొరుకుతూ కూర్చున్న సత్తక్క లేచింది.

"గవన్నీ మంచిగనే ఉన్నయి గని, జర బయటికి రా."

బయట కొత్త పిల్లలకు ఎంపిక ఆటలు జరుగుతున్నాయి. నీళ్ల డబ్బా దగ్గర నీలం బనీను వేసుకున్న అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. అక్క అటు చూపించింది.

"ఆ పిల్లను తీస్కుంటలేం. పోయి చెప్పిరా."

"నేనా? నాకింకా ఉద్యోగమే ఇవ్వలేదు కదండీ."

"ఇయ్యాల్నా వద్దా అని గదే జూస్తున్న."

వెళ్లాను. పది నిమిషాలు మాట్లాడాను. నీ పరుగు బాగుందమ్మా అన్నాను, స్టిక్కు పట్టే తీరు బాగుందన్నాను, నీకు మంచి భవిష్యత్తుందన్నాను, ఈసారికి జట్టు అవసరాలు కాస్త వేరుగా ఉన్నాయని చివర్లో ఎక్కడో గొణిగాను. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. నేను గొప్పగా చెప్పానని మురిసిపోతూ తిరిగొచ్చేసరికి సత్తక్క కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. కాసేపటికి నవ్వు ఆపి అంది:

"ఏం జెప్పినవే తల్లీ? ఆ పిల్ల వాళ్లమ్మకు ఫోన్ జేసి సెలెక్టయిన అని చెప్తున్నది. సల్లకొచ్చి ముంత దాసుడేంది? మళ్ల పో."

ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు, ఇటు నుంచి ఇటే గేటు దాటి వెళ్లిపోదామనిపించింది. కానీ ఆ పిల్ల ఇంకా ఫోన్లో నవ్వుతూ ఉంది. అది చూసి ఆగలేకపోయాను. వెళ్లి, "అమ్మా, నిన్ను తీసుకోవడం లేదు. ఇందాక నేను సరిగ్గా చెప్పలేదు, తప్పు నాది" అన్నాను. ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఏడ్చింది. "మరి ఇందాక ఎందుకట్లన్నరు మేడం?" అని నిలదీసింది. మా తల మీదుగా విమానం దిగుతుంటే ఆ పిల్ల ఏమందో కొంత వినపడలేదు, వినపడిందంతా తిట్లే. సంచి భుజాన వేసుకుని ఆమె వెళ్లిపోయేదాకా నిలబడి ఉండి, అప్పుడు తిరిగొచ్చాను.

"ఇగ నువ్వే కోచ్‌వి" అంది సత్తక్క.

ఎందుకని అడిగాను. "మొదటిసారి అందరు గట్లనే జేస్తరు. నిన్న ఒకాయన వచ్చిండు, శాన పెద్ద కోచ్. మళ్ల పొమ్మంటే పోలే. మీ ఆఫీసోళ్లతోని చెప్పియ్యిండ్రి అన్నడు. నువ్వు పోయినవు" అంది. యజమానుల తరఫున వ్యవహారాలు చూసే మూర్తిగారు ఒప్పుకోలేదు. అనుభవం లేని మనిషిని తెచ్చి నెత్తిన పెడితే ఎలాగన్నాడు. "అనుభవమున్నోళ్లతోనే గదా సార్ ఆఖర్ల నిలవడ్డం" అంది అక్క. అంతటితో ఊరుకోకుండా, ఈమెతో జట్టు బాగుపడకపోతే ముందు నన్ను తీసెయ్యండి అని కూడా మాటిచ్చిందట. ఆ సంగతి ఆ వారంలోనే మూర్తిగారు నాకు చెప్పాడు. భయపెట్టడానికి చెప్పాడో, ధైర్యానికి చెప్పాడో తెలియదు. నేను భయమే పడ్డాను.

సత్తక్కకు ఒక పద్ధతి ఉండేది. ప్రతి మ్యాచ్‌కూ ఆడేవాళ్ల జాబితా గోడకు అంటిస్తారు కదా, అది అంటించక ముందే, పేరు లేని ప్రతి అమ్మాయికీ హెడ్ కోచే స్వయంగా వెళ్లి చెప్పాలి. గదికి పిలిపించకూడదు. పిలిపిస్తే, వస్తున్నప్పుడూ పోతున్నప్పుడూ మిగతావాళ్లంతా ఆ పిల్ల మొహమే చూస్తారు. కాబట్టి ఆమె ఎక్కడుంటే అక్కడికి, బట్టలుతికే చోటైనా సరే, కోచే పోవాలి. మొదటి మాటలోనే లేదని చెప్పాలి. చెప్పాక ఆ పిల్ల కంటే ముందుగా అక్కడి నుంచి కదలకూడదు. ఏడిస్తే చూడాలి, తిడితే వినాలి. వినడానికి చిన్న సంగతే. చేసి చూస్తే తెలుస్తుంది.

మొదటి ఏడాది ఐదు మ్యాచ్‌లు వరసగా ఓడాం. ఆరోదానికి కెప్టెన్ లలితను పక్కన పెట్టక తప్పలేదు. పాత జట్టులో మిగిలిన ఒకే ఒక్క ఆటగత్తె ఆమె. నాకంటే నాలుగేళ్లే చిన్న. నేను వేరే జట్టులో అసిస్టెంట్‌గా ఉన్న రోజుల్లో ఆమె అక్కడ ఆడేది, మేమిద్దరం ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఆమె ఎదుట నిలబడి చెప్పడం నా వల్ల కాదనిపించింది. అందుకని తెలివిమీరి, జాబితాను నేరుగా ఫోన్‌లో జట్టు గ్రూపులో పెట్టేసి, ఫోన్ బోర్లించి కూర్చున్నాను. పావుగంటలో సత్తక్క నా గదికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను ఆడే రోజుల్ల ఒకపాలి టోర్నీకి పోతున్నం" అంది. "టేషన్ల నా కిట్టు రైలెక్కిచ్చిన. ప్యాడ్లు, హెల్మెట్టు అన్నీ ఎక్కినయి. నేను ఎక్కబోతుంటె తోటి పిల్ల అన్నది, అక్కా, లిస్టుల నీ పేరు లేదంట గద అని. కోచ్ గా డబ్బల్నే కూసున్నడు, కిటికీల కెల్లి కనవడుతున్నడు. నా దిక్కు జూస్తలేడు. రైలు కదిలింది. నా కిట్టు పోయింది, నేను ప్లాట్‌ఫారం మీద ఉన్న."

"తర్వాత కిట్టు వచ్చిందా అక్కా?"

"వచ్చింది. కిట్టు సంగతి గాదు సుధా. ఆ మనిషి ఒక్కసారి దిగి వచ్చి లేదమ్మా అంటే, నేనే టాటా చెప్పి పంపిద్దును. లలిత బట్టలారేస్తున్నది, పో."

వెళ్లాను. లలిత తాడు మీద సాక్సులు ఆరేస్తూ నా వైపు తిరగలేదు. తప్పు చేశానన్నాను. సాక్సులన్నీ అయిపోయాక, "నువ్వొచ్చి చెప్పుంటే ఇంత బాధ ఉండేది కాదు" అంది. ఆ తర్వాత కూడా నాతో మర్యాదగానే ఉంది, మర్యాద తప్ప ఇంకేమీ లేదు. ఒకే కంచం రోజులు అక్కడితో సరి.

ఒంటరితనం అంటే నాకు ఆ ఏడే తెలిసింది. అంతకు ముందు ఒంటరిగా ఉండటం తెలుసు, పెళ్లి చేసుకోలేదు, శంషాబాద్‌లో కిరాయి ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, అది వేరు. మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని భోజనాల గదిలోకి అడుగు పెడితే పిల్లల కబుర్లు టక్కున ఆగిపోయేవి. నేను కూర్చున్నాక, ఇంకో ఐదు నిమిషాలకు ఆ బల్ల మీదివాళ్లు ఒక్కొక్కరే తినేసి లేచేవారు. ఎవరూ తప్పు చేయలేదు. రేపు జట్టులో ఉంచేదీ తీసేదీ నేనే కదా, నా పక్కన కూర్చుని పప్పు ఎలా కలుపుకుంటారు? వారం రోజులు చూసి, సత్తక్క తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా ఎదుట కూర్చోవడం మొదలుపెట్టింది. జొన్న రొట్టె, పచ్చిపులుసు, ఎప్పుడైనా బెండకాయ.

"మీ ఆంధ్రోళ్లకు నెయ్యి లేంది ముద్ద దిగదంట గద, ఇది దిగుతదా?" అని పచ్చిపులుసు నా వైపు తోసేది.

ఒకసారి ఆ గదిలో మేమిద్దరమే మిగిలాక అడిగాను. "అక్కా, ఇది ఎన్నాళ్లకు అలవాటవుతుంది?"

"కాదు. గీ కుర్చీల కూసున్నంక దోస్తులుండరు బిడ్డా. ఉన్నరనుకుంటె గది నీ తప్పు." అంటూ ఇంకో రొట్టె విరిచి సగం నా పళ్లెంలో వేసింది. నేనున్నా కదా అని ఆమె ఎప్పుడూ అనలేదు. రోజూ పన్నెండున్నరకు వచ్చి కూర్చునేది, అంతే. ఆ రెండేళ్లలో నాకున్న మనిషి ఆమె ఒక్కతే.

రెండో ఏడు ఆఖరి స్థానం నుంచి ఒక్క మెట్టు ఎక్కాం. మా పిల్లలు బాగా ఆడుతున్నారని చూసినవాళ్లకు తెలుస్తూనే ఉంది, పట్టికలో మాత్రం కనపడలేదు. పోటీలు అయిపోయిన శుక్రవారం మూర్తిగారు నన్ను గగన్‌పహాడ్ ఆఫీసుకు పిలిచాడు.

"సుధగారూ, మీ పని మీద పెద్దవాళ్లకు నమ్మకం కుదిరిందండీ. ఇంకో రెండేళ్లు మీరే. సత్తమ్మగారిని మాత్రం మార్చేస్తున్నాం. సోమవారం ఉత్తరం ఇస్తాం. అప్పటిదాకా ఈ మాట దయచేసి మీ దగ్గరే ఉంచండి."

ఆమె ఇచ్చిన మాట నాకు గుర్తుంది. జట్టు బాగుపడకపోతే ముందు నన్ను తీసెయ్యండి అన్నది ఆమే. అలాంటిది నన్ను ఉంచి ఆమెను తీసేస్తున్నారు. అప్పుడే లేచి ఇదేం న్యాయమండీ అనాలి. నేను అన్నది "అలాగేనండీ".

శనివారం పొద్దున సత్తక్క కారేసుకుని మా ఇంటి ముందుకొచ్చింది. మంఖాల్‌లో మా జట్టులో ఫార్వర్డ్‌గా ఆడే పిల్లను వాళ్ల నాన్న ఆట మాన్పించేట్టున్నాడు, వెళ్లి ఒప్పించాలి. దారి పొడుగునా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. శ్రీశైలం రోడ్డు మీద ఒక హోటల్ దగ్గర ఆపి టీ చెప్పింది.

"పరేషాన్‌ల ఉన్నట్టున్నవు. ఏమన్న చెప్పేదుందా?"

"ఏం లేదక్కా. ఎండ."

"ఎండనేనా?"

"ఎండే."

ఆమె టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. మంఖాల్‌లో ఆ పిల్ల తండ్రి ముందు రెండు గంటలు కూర్చుని, వచ్చే ఏడాది జట్టు గురించో, తాను దగ్గరుండి చూసుకోవడం గురించో కాదు, నా గురించే చెప్పింది. "మా కోచ్ మేడం ఉన్నది, నీ బిడ్డకు ఏం ఫికర్ లేదు" అని పదిసార్లు అనుంటుంది. ఆయన ఒప్పుకున్నాడు. నేను చాప మీద తల దించుకుని కూర్చున్నాను. ఆదివారం సెలవైనా నేను మైదానంలోనే ఉంటే, మధ్యాహ్నం ఆమె డబ్బా పట్టుకుని వచ్చింది. తినడం అయిపోయింది, డబ్బా కడిగింది, మళ్లీ వచ్చి కూర్చుంది. "నాకేం పని లేదు సుధా. ఏమన్నుంటె చెప్పు, ఊరికెనే కూసున్న" అంది. నేను పెనాల్టీ కార్నర్ల గురించి ముప్పావుగంట మాట్లాడాను.

ఎందుకు చెప్పలేదంటే, ఎన్ని కారణాలైనా చూపించగలను. మూర్తిగారికి మాటిచ్చానని, ముందే చెప్పి బాధపెట్టడం ఎందుకని. అవన్నీ పై మాటలు. చెబితే నా రెండేళ్లు పోతాయని భయపడ్డాను. అంతే.

సోమవారం ఉత్తరం వచ్చింది. నేను వెళ్లేసరికి ఆమె సొరుగులు ఖాళీ చేస్తోంది. తలెత్తి నన్ను చూసి, చేతిలోని ఫైలు కింద పెట్టింది.

"నీకు ముందుగాల్నే ఎరుకేనా?"

"లేదక్కా. ఇప్పుడే విన్నాను."

ఆమె ఫైలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. కోపం లేదు. "మంచిది" అంది. "పిల్లలను జర అర్సుకో." ఆ గదిలోంచి ముందుగా నేనే బయటికి వచ్చేశాను.

తర్వాత ఆమె కందుకూరుకు వెళ్లి తమ్ముడితో కలిసి వ్యవసాయం చూసుకుంది. పండక్కీ పబ్బానికీ నేనే ఫోన్ చేసేదాన్ని. టమాట వేశామని, వానలు లేవని చెప్పేది. ఫలానా పిల్ల మోకాలు ఎలా ఉందని అడిగేది. ఒక్కసారి వస్తానక్కా అంటే, రా, దారేమన్న మూసిండ్రా అనేది. శంషాబాద్ నుంచి కందుకూరుకు గంట ప్రయాణం కూడా లేదు. ఆ గంట నాకు ఐదేళ్లలో దొరకలేదు. జట్టు బాగుపడింది, మేం పైకి వచ్చాం, నా ఒప్పందం మళ్లీ మళ్లీ పొడిగించారు. పోయినేడు ఒక పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. పొలం నుంచి వచ్చి మంచం మీద ఒరిగిందట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

దినాలకు వెళ్లాను. మూర్తిగారూ వచ్చాడు. అప్పటికే ఆయన ఉద్యోగం మానేశాడు, మనిషి కాస్త మెత్తబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు నా కారులోనే ఎక్కాడు. తుక్కుగూడ దగ్గరపడుతుండగా ఆయనే మాట కదిపాడు.

"గొప్ప మనిషండీ ఆవిడ. గురువారం సాయంత్రం పిలిచి చెబితే ఒక్క మాట ఎదురాడలేదు. సుధను రెండేళ్లు ఉంచుతామని కాగితం మీద రాసివ్వండి, నేను సంతకం పెట్టి పోతానంది. అసలు ఇద్దర్నీ మార్చాలనుకున్నామండీ అప్పుడు."

"గురువారమా?"

"గురువారమేనండీ. మీతో శుక్రవారం మాట్లాడతామని కూడా ఆవిడకు చెప్పాను."

"మరి ఆమెకు తెలుసునని నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదండీ" అన్నాడు ఆయన. నిజమే, అడగలేదు. కారు పక్కకు తీసి ఆపాను. టైరు చూడాలని ఆయనకు అబద్ధం చెప్పి దిగి, రోడ్డు పక్క నిలబడి ఏడ్చాను. హోటల్ బల్ల దగ్గరా, డబ్బా కడిగాక కుర్చీలోనూ ఆమె నా కోసం కూర్చుంది. తన కోసం కాదు. తన సంగతి తనకు తెలుసు. నాకు ఆమె నేర్పిన ఒకే ఒక్క పని నేను చేస్తానేమోనని మూడు రోజులు ఎదురు చూసింది. సోమవారం అడిగినప్పుడు కూడా జవాబు తెలుసుకునే అడిగింది.

ఇవాళ మధ్యాహ్నం ఇద్దరు పిల్లలకు జట్టులో లేరని చెప్పాను. ఒకతె ఫిజియో గదిలో మోకాలికి మంచు పెట్టించుకుంటోంది, ఇంకొకతె మెట్ల మీద కూర్చుని వాళ్ల చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. ఫోన్ పెట్టేసేదాకా ఆగి చెప్పాను. ఇద్దరూ ఏడ్చారు, నేను నిలబడ్డాను. ఏదైనా మొహం మీదే చెబుతుంది, దాపరికం లేని మనిషి అని మా పిల్లలు నా గురించి అనుకుంటారు. కొత్తగా వచ్చిన అసిస్టెంటు నాతో ఆ మాటే అంది, మెచ్చుకుంటూ. నేను కాదనలేదు.

నేను అలాంటి మనిషిని కానని తెలిసింది ఒక్క సత్తక్కకే. తెలిసి కూడా పిల్లలను నాకే అప్పజెప్పి వెళ్లింది. ఇప్పుడు ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.